దుముకురాళ్ళకు ఆర్చి వద్దు

కనుమ మరుసటి రోజు మా అవ్వ చిత్రాన్నం కలిపి, స్టీలు గిన్నెకు గుడ్డ కట్టేది. పలమనేరు–కుప్పం రోడ్డులో కైగల్ దగ్గర బస్సు దిగి రెండున్నర కిలోమీటర్లు నడిచేవాళ్ళం. నీళ్ళు కనబడక ముందే చప్పుడు వినబడేది. ఆ చప్పుడును బట్టే ఈ జలపాతానికి దుముకురాళ్ళు అనే పేరొచ్చిందని మా వైపు చెప్పుకుంటారు. 40 అడుగుల బండ మీంచి నీళ్ళు మడుగులోకి పడేవి. నాయన ఒడ్డున కూర్చుని మా తలలు లెక్కపెట్టుకుంటూ ఉండేవాడు. తిన్నాక మోదుగాకు విస్తళ్ళు ఓ మూల పారేసి వచ్చేవాళ్ళం. రెండు వానలకు అవి మట్టిలో కలిసిపోయేవి.

పోయినసారి ఊరెళ్ళినప్పుడు మా పిల్లల్ని తీసుకెళ్ళాను. అదే బండ, అదే చప్పుడు. మడుగు ఒడ్డున మాత్రం బిర్యానీ ప్యాకెట్లు, గుట్కా కవర్లు, పగిలిన సీసా పెంకులు. మా చిన్నది చెప్పులు విప్పబోతే వద్దని గట్టిగా అరిచాను. నేను వట్టికాళ్ళతో పరిగెత్తిన చోటది. చాలా బాధేసింది.

ఆ పెంకుల మధ్య తిరిగేది మనుషులే కాదు. జలపాతం ఉన్నది కౌండిన్య అభయారణ్యంలో. సుమారు 358 చదరపు కిలోమీటర్ల అడవి. దాదాపు 200 ఏళ్ళుగా ఏనుగులు లేని మా ప్రాంతానికి 1980లలో తమిళనాడు, కర్ణాటక వైపు నుంచి గుంపులు వచ్చాయి. వాటి కోసమే 1990లో దీన్ని అభయారణ్యంగా ప్రకటించారు. అడవిలో నీళ్ళు లేకపోతే ఏనుగులు చెరకు తోటల్లోకి, వరి మళ్ళలోకి దిగుతాయి. పంట పోయిన రైతు ఏడుస్తాడు, కరెంటు తీగ తగిలి ఏనుగు చస్తుంది. పాలారులో కలిసే కైగల్ ఏరు, కౌండిన్య ఏరు బాగుండాలని నేను అంతగా కోరుకునేది అందుకే. పైన అడవి పలచబడితే, ఏటి ఇసుక తోడేస్తే, కింద మనం ఎంత శుభ్రంగా ఊడ్చినా మిగిలేది ఎండిన బండే.

ఇక్కడ అమెరికాలో, అట్లాంటా నుంచి మనమంతా అమికలోలా జలపాతానికి వెళ్తుంటాం. పార్కింగుకు డబ్బు కట్టి, 604 మెట్లూ ఎక్కి, చిప్స్ ప్యాకెట్ ఖాళీ అయితే మడిచి జేబులో పెట్టుకుని తిరిగొస్తాం. ఊళ్ళోనూ అదే చేతులు కదా మనవి! 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలో చెత్త వేయడం నేరం కూడా.

సొంతూరికి ఏదైనా చేద్దామంటే ఇక్కడి మన తెలుగు సంఘాల్లో ముందు వచ్చే మాట ఆర్చి, దాని మీద దాతల పేర్లు. దుముకురాళ్ళకు అది వద్దు. సిమెంటు మెట్లు, రంగు లైట్లు అసలే వద్దు. ఏనుగులు తిరిగే చోట రాత్రి వెలుగు దేనికి? అటవీ శాఖ అనుమతి తీసుకుని, ఆదివారాలు, పండగ రోజుల్లో చుట్టుపక్కల ఊళ్ళ కుర్రాళ్ళు నలుగురికి కూలి ఇద్దాం. వాళ్ళు దారి మొదట్లోనే సీసాలు, ప్లాస్టిక్ ఆపుతారు. పాచి పట్టిన బండ ఏదో, మడుగు ఎక్కడ లోతో వాళ్ళకు తెలుసు కాబట్టి జారిపడే ప్రాణాలూ కొన్ని దక్కుతాయి. సంక్రాంతి ముందు చుట్టుపక్కల బడుల పిల్లలకు ఏనుగుల గురించి, ఏటి గురించి చెప్పించడానికి పెద్ద ఖర్చేమీ కాదు.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఊరెళ్ళి రీల్ పెడుతున్నప్పుడు లొకేషన్ పెట్టకండి. ఎవరైనా అడిగితే, చెత్త వెనక్కి తెచ్చుకోమని చెప్పి మరీ దారి చెప్పండి.

వచ్చే కార్యవర్గ సమావేశంలో ఈ కూలి డబ్బు సంగతి ఎత్తుతున్నాను. పలమనేరు, బైరెడ్డిపల్లె, కుప్పం వైపు వాళ్ళు మన సంఘంలో చాలామందే ఉన్నారు. ఆ రోజు తప్పకుండా రండి.