బోర్డు మీది పేరు, రిజిస్టర్‌లోని నంబరు

హైదరాబాద్‌లో ఫోన్ తీసి ‘సైకాలజిస్టు’ అని వెతికితే క్షణంలో పేర్లు బారులు తీరుతాయి. కూకట్‌పల్లి, మాదాపూర్, దిల్‌సుఖ్‌నగర్, సికింద్రాబాద్, ఏ పేట పేరు జోడించినా ఏదో ఒక క్లినిక్ కనిపిస్తుంది. దాని పక్కన నక్షత్రాలూ పొగడ్తలూ ఉంటాయి. వీరిలో ఎవరి అర్హతను చట్టం గుర్తించిందో మాత్రం ఆ జాబితా చెప్పదు. అది తేల్చుకునే భారం నెలల తరబడి సరిగా నిద్రపోని మనిషి నెత్తినే పడుతోంది.

చిక్కంతా పేర్లతోనే మొదలవుతుంది. సైకియాట్రిస్టు అంటే ఎంబీబీఎస్ తర్వాత మానసిక వైద్యంలో పీజీ చేసి, వైద్య మండలిలో నమోదైన డాక్టరు. మందులు రాసేది వారే. క్లినికల్ సైకాలజిస్టు మందులు రాయరు. పరీక్షల ద్వారా సమస్యను అంచనా వేసి, మాటల ద్వారా చికిత్స చేస్తారు. ఇందుకు పునరావాస నిపుణులను నమోదు చేసే కేంద్ర సంస్థ రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తించిన కోర్సు, చాలాకాలం పాటు ప్రధానంగా రెండేళ్ల ఎంఫిల్, పూర్తి చేసి, 1992 నాటి చట్టం కింద ఆ సంస్థ నిర్వహించే కేంద్ర పునరావాస రిజిస్టర్‌లో (సీఆర్ఆర్) నమోదు కావాలి. అలా వచ్చే సీఆర్ఆర్ నంబరే మనం లైసెన్సు అని పిలుచుకుంటున్నది. సైకాలజీలో ఎంఏ, ఎంఎస్సీ చేసి కౌన్సెలింగ్ ఇస్తున్నవారు మూడో వర్గం. వీరిలో సమర్థులు లేరని కాదు, కానీ ఆ డిగ్రీతోనే ఎవరూ క్లినికల్ సైకాలజిస్టు అయిపోరు. పేరు ముందున్న ‘డాక్టర్’ కూడా ఏ పీహెచ్‌డీదో కావచ్చు.

వికలాంగుల పునరావాస నిపుణుల కోసం చేసిన ఈ 1992 చట్టంలో మానసిక చికిత్సకుల లైసెన్సు ఇమిడి ఉండడమే ఒక విచిత్రం. రిజిస్టర్‌లో లేకుండా ఆ వృత్తి చేసినవారికి అది ఏడాది వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చని చెబుతోంది. నగరంలో చాలాచోట్ల ఒక్క సెషన్‌కు తీసుకునే ఫీజే అంత ఉంటుంది. పైగా బోర్డు మీద థెరపిస్టు అనో, లైఫ్ కోచ్ అనో రాసుకున్నవారి మీదికి ఆ నిబంధన అంత సులువుగా వెళ్లదు. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం సైకాలజిస్టులను తన పట్టికలో చేర్చినా, రిహాబిలిటేషన్ కౌన్సిల్ పరిధిలోని క్లినికల్ సైకాలజిస్టులను మినహాయించింది. ఒక వృత్తి రెండు చట్టాల కింద చీలిపోయిందన్నమాట. ఎవరు ఏ గడపలో ఉన్నారో రోగికి ఎలా తెలుస్తుంది?

నంబరు అడగడం తప్పు కాదు, అడిగితే నొచ్చుకునేవారి దగ్గరికి వెళ్లకపోవడమే మేలు. కానీ నంబరు సరిపోయాక కూడా భాష మిగులుతుంది. ‘మనసు మనసులో లేదు’, ‘గుండె బరువుగా ఉంది’, ‘ఒళ్లంతా మంటలు’ అని చెప్పుకునే తల్లి ఆ బాధను ఇంగ్లిషులో ఎలా విప్పగలదు? కొడుకు పక్కన కూర్చుని అనువదిస్తే, కొడుకు గురించి చెప్పాల్సిన మాట ఆమె గొంతులోనే ఆగిపోతుంది. పైగా ‘ఎర్రగడ్డ’ అనే పేరునే వెక్కిరింతగా వాడే ఊరిది. అక్కడి ప్రభుత్వ మానసిక ఆరోగ్య సంస్థలో తక్కువ ఖర్చుతో వైద్యం దొరుకుతుందని తెలిసీ వెనకాడేవారు ఎందరో. 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబరుకు ఫోన్ చేసి తెలుగులో ఉచితంగా మాట్లాడవచ్చు. తొలి అడుగుకు అది అక్కరకొస్తుంది. వారం వారం ఒకే మనిషి ఎదుట కూర్చుని సాగాల్సిన చికిత్సకు మాత్రం అది బదులు కాదు.

ఈ చిక్కు తీరడానికి కొత్త చట్టం అక్కర్లేదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 55వ సెక్షన్ ప్రకారం రాష్ట్రంలోని క్లినికల్ సైకాలజిస్టులను, మానసిక ఆరోగ్య నర్సులను, సైకియాట్రిక్ సోషల్ వర్కర్లను నమోదు చేసుకుని ఆ జాబితాను ప్రచురించాల్సిన బాధ్యత రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థదే. ఆ జాబితాలో ప్రతి పేరు పక్కన పనిచేసే ప్రాంతం, మాట్లాడే భాషలు, రిజిస్ట్రేషన్ గడువు తేదీ చేర్చి, ఎప్పటికప్పుడు సవరిస్తూ, ఫోన్‌లో తెలుగులో వెతికేలా ఉంచితే, ఆ తల్లికి కావలసిన పేరు దొరకడానికి నక్షత్రాలు లెక్కపెట్టే పని ఉండదు.