కోతలరాయుడు 4కే రీ-రిలీజ్ గారికి

మహారాజశ్రీ 4కే రీ-రిలీజ్ గారి దివ్యసముఖమునకు విశాఖపట్నం ప్రేక్షకులు నమస్కరించి వ్రాయునది.

ఉభయకుశలోపరి. మీ కుశలానికేం లోటు లెండి, ఆదివారం పొద్దున్న ఎనిమిది గంటల ఆటకే హౌస్‌ఫుల్ బోర్డు పెట్టించుకున్నారు. జగదాంబ జంక్షన్‌లో మీ పోస్టరు చూశాం. 4కే, డిజిటల్ రీమాస్టర్, అట్మాస్... పూర్వం జమీందార్లకి కూడా ఇన్ని బిరుదులు ఉండేవి కావు. ఇంతటివారు పాతికేళ్ళ నాటి ఒక కాలేజీ కామెడీని చేరదీశారంటే దాని దశ తిరిగిందనుకున్నాం. తిరిగింది. నలుగురు స్నేహితుల కథ కాస్తా ముగ్గురి కథ అయి కూర్చుంది.

నాలుగోవాడేడండీ?

క్యాంటీన్ సీను గురించే అడుగుతున్నాం. సినిమా పేరు చెప్పక్కర్లేదు, ఆ సీను నోటికి రానివాళ్ళు ఈ ఊళ్ళో తక్కువ. ఒకే బెంచీ మీద నలుగురు. లెక్చరర్ వచ్చి నిలదీస్తాడు. హీరో అబద్ధం ఎత్తుకుంటాడు, రెండోవాడు దాన్ని సాగదీస్తాడు, మూడోవాడు దొరికిపోయేలా చేస్తాడు. ఈ తతంగం నడిచినంతసేపూ కుడి చివర కూర్చున్న నాలుగోవాడు సమోసా తింటూనే ఉంటాడు. అబద్ధం ముదిరేకొద్దీ వాడి నమలడం నెమ్మదిస్తుంది. ఆఖరికి ముక్క బుగ్గలోనే ఆపేసి, మెడ కదపకుండా కళ్ళు మాత్రం లెక్చరర్ వైపు తిప్పుతాడు. ఆ సీనుకి నవ్వంతా ఆ ఉబ్బిన బుగ్గే. తమరి 4కేలో ఆ చోట ఏం కనపడిందో తమరు చూసుకున్నారా? ఒక మోచెయ్యి. ఒక ప్లేటు అంచు.

ఇదెలా జరిగిందో మీరెలాగూ చెప్పరు, మేమే చెబుతాం. ఆ రోజుల్లో మన సినిమాలు ఎక్కువగా స్కోప్‌లో, అంటే బాగా వెడల్పాటి తెర కోసం, తీసేవారు. బొమ్మ ఎత్తు 100 అనుకుంటే వెడల్పు 239. దాన్ని టీవీకి ఇచ్చేటప్పుడు, నల్లపట్టీలు కనపడితే జనం తిడతారని, పక్కలు కోసి 178కి కుదించారు. అంటే వెడల్పులో పావు వంతు పోయింది. అది టీవీవాళ్ళు చేసిన కోత. తమరు ఆ టీవీ టేపునే పట్టుకొచ్చారు. మళ్ళీ స్కోప్ తెర నిండాలి కదా! ఈసారి పైనా కిందా కోశారు. ఎత్తులో ఇంకో పావు. రెండు కోతలూ కలిపి లెక్క కడితే, కెమెరామాన్ తీసిన బొమ్మలో మా ముందుకొచ్చింది నూటికి 55 వంతులు. టికెట్ 150 రూపాయలనుకుంటే చూపించింది 83 రూపాయల సినిమా. మిగతా 67 రూపాయల్లో నాలుగోవాడున్నాడు, వాడి సమోసా ఉంది, వెనకాల గోడ మీద 'అప్పు రేపు' అని రాసిన బోర్డు ఉంది, పొడుగ్గా ఉన్నవాళ్ళందరి నుదుళ్ళూ ఉన్నాయి.

ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్ బండి దగ్గర పొట్లంలో గుప్పెడు తక్కువేస్తే అక్కడికక్కడే తగువు పెట్టుకునే జనం అండీ మేం. తమరు సగానికి దగ్గరగా తక్కువేసి పొట్లం మీద 4కే అని అచ్చేయించారు.

ఇక ఆ 4కే సంగతి. డీవీడీ నాటి టేపులో ఉండేది 720 అడ్డం, 576 నిలువు చుక్కలు. పైనా కిందా కోశాక మిగిలినవి సుమారు 3 లక్షలు. 4కే స్కోప్‌కి కావలసింది 4096 అడ్డం, 1716 నిలువు, అంటే 70 లక్షల పైమాటే. ఒక్కో అసలు చుక్క సుమారు ఇరవై మూడు చుక్కల చాకిరీ చెయ్యాలి. చెయ్యలేక చచ్చింది పాపం. దాంతో సాఫ్ట్‌వేర్‌కి అప్పజెప్పారు. అది ఫిల్ము గ్రెయిన్‌ని, అంటే ఫిల్ము మీద సహజంగా ఉండే సన్నటి రేణువుల్ని, దుమ్మనుకుని తుడిచేసింది, దాంతోపాటే మొటిమలూ, నూనూగు మీసాలూ తుడుచుకుపోయాయి. పద్దెనిమిదేళ్ళ కుర్రాడికి మీసం తీసేసి మైనం పూస్తే వాడు కాలేజీకి వెళ్తున్నట్టుండదు, కైలాసగిరి మీద బొమ్మలా ఉంటాడు. వెనక బెంచీల్లో దూరంగా ఉన్నవాళ్ళకైతే సాఫ్ట్‌వేర్ తనకి తోచిన కళ్ళూ ముక్కులూ పెట్టింది. ఇంతా చేసి, చాలా హాళ్ళలో ఉండే ప్రొజెక్టరు 2కే, అంటే అడ్డంలో సగం చుక్కలే.

పాటలు ఎందుకో తొందరపడుతున్నట్టు లేవూ? సినిమా సెకనుకి 24 ఫ్రేములు, మన టీవీ పద్ధతి 25. టీవీ కోసం పరుగెత్తించిన టేపుని వెనక్కి సరిచెయ్యకుండా వేస్తే 150 నిమిషాల సినిమా 144 నిమిషాలకే అయిపోతుంది. గొంతులు కూడా, హార్మోనియం మీద పక్కపక్క మెట్ల మధ్య దూరంలో ముప్పావు వంతుకి దగ్గరగా, పైకి లేస్తాయి. హీరోయిన్ సరే, ప్రిన్సిపాల్ గారికి ఆ గొంతేమిటండీ. కెమెరా పక్కకి తిరిగినప్పుడల్లా మనుషుల అంచులకి దువ్వెన పళ్ళు మొలిచాయి. పై మూల ఛానల్ గుర్తు ఉండే చోట రెండున్నర గంటలూ ఒక మబ్బు. అట్మాస్ అంటే చుట్టూతా, నెత్తి మీద నుంచీ శబ్దం వినిపించడం అనుకున్నాం, మాటల వెనక బావి ఒకటి తవ్వారు.

వీటిలో చాలావాటికి క్షమాపణ ఉంది. నాలుగోవాడికి లేదు.

ఎందుకో చెబుతాం, కాస్త ఓపిక పట్టండి. 2022 ఆగస్టులో మహేశ్‌బాబు పుట్టినరోజుకి 'పోకిరి' మళ్ళీ వేసినప్పటి నుంచి తమరి దండయాత్ర ఊపందుకుంది. స్టార్ సినిమాని ఎంత కోసినా స్టార్ మధ్యలోనే ఉంటాడు. విజిల్ వేసేవాడికి పక్కలతో పనిలేదు. కాలేజీ కామెడీ అలా కాదే! 2000లో 'చిత్రం', అదే ఏడాది అక్టోబరులో 'నువ్వే కావాలి', 2007లో 'హ్యాపీ డేస్'. మూడూ కొత్త మొహాల్ని నమ్ముకుని వచ్చినవే. కొత్త కుర్రాళ్ళకి ఎంట్రీ షాట్ ఎవడు పెడతాడు? కెమెరాని కాస్త వెనక్కి లాగి, అందరినీ ఒకే పిట్టగోడ మీద కూర్చోబెట్టి తీసెయ్యడమే. మాట్లాడేవాడు ఒకడు, వింటూ మొహం పెట్టేవాళ్ళు నలుగురు. మొదటిసారి మాట్లాడేవాడిని చూస్తాం. పదోసారి, ఇరవయ్యోసారి చూసేది పక్కవాళ్ళనే. ఇలాంటి సినిమా ఇన్నేళ్ళు బతికిందంటే అంచుల మీదే బతికింది. తమరు సరిగ్గా అక్కడే కత్తెర పెట్టారు.

అసలు పని ఎలా చేస్తారో తమరికి తెలియక కాదు. నెగెటివ్ డబ్బాలు వెతకాలి. మూత తియ్యగానే వెనిగర్ వాసన గుప్పుమంటే ఫిల్ము కుళ్ళడం మొదలైందని అర్థం, ఆలస్యం చెయ్యకూడదు. అతుకులన్నీ చూసుకుని, కడిగి, ఒక్కో ఫ్రేమూ స్కాన్ చెయ్యాలి. రెండున్నర గంటలకి 2,16,000 ఫ్రేములు. ఫేడ్‌లూ, బొమ్మ మీద పడే టైటిల్సూ ల్యాబులో కాపీకి కాపీ తీసినవి కనక అక్కడ గ్రెయిన్ ఎక్కువుంటుంది, ఉండనివ్వాలి. కెమెరామాన్ అందుబాటులో ఉంటే పక్కన కూర్చోబెట్టుకుని రంగులు సరిచూడాలి. ఖర్చే. నెగెటివ్ లేకపోతే మంచి ప్రింటు. అదీ లేదా? టీవీ టేపే గతా? అప్పుడైనా దాన్ని కోయకుండా ఫ్లాట్‌లో, అంటే తక్కువ వెడల్పు బొమ్మగా, వేసి, పక్కన మిగిలే నలుపుని అలా వదిలేస్తే తలలైనా దక్కేవి కదయ్యా! దానికి పైసా ఖర్చు లేదు. నెగెటివ్ పాడైపోయింది అని చెప్పండి, ఉప్పుగాలికి ఇనప గేట్లు రాలిపోయే ఊరు మాది, అర్థం చేసుకుంటాం. ఉన్నదాన్ని కోసి, కోసినదాన్ని సాగదీసి, సాగదీసినదానికి 4కే అని పేరు పెట్టి అమ్మడాన్ని మాత్రం మా ఊళ్ళో మోసమంటారు. మీ భాషలో 'కే' అంటే కోతేమో మాకు తెలియదు. పక్కల కోత, తలల కోత, నిమిషాల కోత, హాస్టల్ వార్డెన్ సీను ఆసాంతం ఎగరగొట్టిన కోత. లెక్క నాలుగుకి సరిపోయింది.

ఒకవేళ ఇంకో సినిమా మీద చెయ్యి వెయ్యబోతుంటే ముందే చెబుతున్నాం, ఇక మొదటి టైటిల్స్‌తోనే పట్టేసుకుంటాం. టైటిల్స్‌ని కోస్తే పేర్లు తెగుతాయని టీవీవాళ్ళు వాటిని పక్కల నుంచి నొక్కేవారు. టైటిల్స్ పడేంతసేపూ మనుషులు సన్నగా, పొడుగ్గా ఉండి, దర్శకుడి పేరు పోగానే బొమ్మ ఒక్క గెంతు ముందుకి గెంతిందా, అది టీవీ టేపే.

ఇంత తిట్టాక ఒక్కటి ఒప్పుకోకపోతే పాపం తగులుతుంది. ఆ క్యాంటీన్ సీనులో లెక్చరర్ చివరికి నాలుగోవాడిని అడుగుతాడు కదా, "నువ్వు చెప్పరా" అని. మనిషిని కోశారు గానీ వాడి గొంతు కోయడం మరిచిపోయారు. తెర మీద మోచెయ్యి కదిలింది. హాల్లో ఎవడో "ఆడేడ్రా బాబూ!" అని అరిచాడు. అంతే, ఆరొందల తలకాయలు ఒక్కసారి కుడివైపు గోడకి తిరిగాయి. వాడు అక్కడ ఫైర్ బకెట్ల పక్కన కూర్చుని తింటున్నాడన్నట్టు ఆ గోడకేసి చూస్తూ, వాడి డైలాగుని వాడికంటే ముందే హాలంతా చెప్పేసింది. ఆ సినిమా వచ్చేనాటికి పుట్టని కుర్రాళ్ళు కూడా చెప్పారు. ఆ నవ్వుకి తర్వాతి రెండు సీన్లు వినపడలేదు. వినపడనందుకు అట్మాస్ గారికి నష్టమేమీ లేదనుకోండి.

మీరు ఆ ఆట వెయ్యకపోతే ఆ గోడ నవ్వేది కాదు. ఆ పాటికి ఋణపడ్డాం.

కాబట్టి ఒక్క చిన్న మనవి. పోస్టరు పాత స్టిల్‌తో చేయించినట్టున్నారు, దాంట్లో నలుగురూ ఉన్నారు. వచ్చే వారం కూడా ఇదే బొమ్మ ఆడించేట్టయితే ఆ పోస్టరొకటి తెచ్చి తెరకి ఆనుకుని, కుడివైపు, మోచేతికి సరిగ్గా తగిలేలా అంటించండి. మైదాపిండి జిగురు మేం తెచ్చుకుంటాం.

ఇట్లు,
కుడివైపు చివరి వరసలవాళ్ళు,
విశాఖపట్నం.