తరుగు తీయని బరువు

మార్కెట్‌కు పంట తెచ్చిన ఏ రైతునైనా అడగండి, తరుగంటే ఏమిటో చెప్తాడు. తేమ ఉందని కొంత, తాలు ఉందని కొంత, ఏదీ దొరక్కపోతే ఆనవాయితీ అని ఇంకొంత. కాంటా మీద ఒక అంకె, చిట్టీలో ఇంకో అంకె. వరంగల్ ఎనుమాముల మార్కెట్లో, రైతుల పంట కమీషన్ మీద అమ్మిపెట్టే ఒక అడ్తి దగ్గర లెక్కలు రాసే నాకు ఇవన్నీ రోజూ చూసేవే. అయినా తరుగు తీయడంలో మా బామ్మర్దిని మించినవాడిని మార్కెట్లో కూడా చూడలేదు. ఆరు మిర్చి బజ్జీలు తిని నాలుగంటాడు. గంటన్నర ఆలస్యంగా వచ్చి అరగంటంటాడు. ఉద్యోగం బ్యాంకులో. అక్కడ మాత్రం రూపాయి తేడా రానివ్వడని పేరు. మిగిలిన తేడాలన్నీ ఇంటికి తెచ్చుకుంటాడేమో మరి.

అలాంటివాడు ఆ మధ్య రోడ్ బైక్ కొన్నాడు. దాని ధర మా ఇళ్లల్లో ఒక్కొక్కరికి ఒక్కో రకంగా తెలుసు. నాకు చెప్పిందే అన్నిటికన్నా పెద్ద అంకె కాబట్టి నిజానికి అదే దగ్గరని నా నమ్మకం.

యాసంగి కోతలు నడుస్తున్న రోజుల్లో ఒక ఆదివారం ఆ బండి మీద రామప్పకు బయలుదేరాడు. హన్మకొండ నుంచి సుమారు 70 కిలోమీటర్లు. గుడి చూసుకుని తొమ్మిదింటికల్లా ఇంట్లో ఉంటానని భార్యకు మాటిచ్చాడట. తొమ్మిదింటికి నాకు ఫోనొచ్చింది.

"బావా, ములుగు దాటిన్నే. ఒక పుల్ల పోయింది."

మార్కెట్లో తెలిసిన ట్రాలీ ఆటో మాట్లాడుకుని పోయి చూస్తే రెండు పోయాయి. వెనక చక్రం ఒకపక్కకు ఒరిగి ఫ్రేమును రాసుకుంటోంది. వీడేమో చింతచెట్టు కింద, ఒంటికి అతుక్కున్న పసుపుపచ్చ జెర్సీలో, ఊరి పిల్లలందరి మధ్య కూర్చున్నాడు. రోడ్డుకు ఒకపక్కంతా వడ్లు ఆరబోసి, బండ్లు ఎక్కకుండా అంచున రాళ్లు పేర్చారు. అందులో ఒక రాయి మీదికి ఎక్కించాడు. ఆటో డ్రైవరు సైకిల్‌ను ఒంటిచేత్తో ఎత్తి ట్రాలీలో పెట్టాడు. తర్వాత మా బామ్మర్దిని, చక్రాన్ని మార్చి మార్చి చూశాడు.

"సార్, గింత సన్న పుల్లల మీద గీ సారు ఇక్కడిదాక ఎట్ల వచ్చిండు?"

దారి పొడుగునా బామ్మర్ది తప్పంతా రాయిదే అన్నాడు. రాయి వంతు ఉంది, కాదనను. కానీ ఇలాంటి బండ్లలో వెనక చక్రానికి పుట్టుకతోనే ఒక కష్టం ఉంది. మనిషి బరువు ఎక్కువగా పడేది దానిమీదే, తొక్కిన బలమంతా పోయేదీ దానికే. పైగా కుడిపక్క క్యాసెట్, అంటే గేర్ల పళ్లచక్రాల గుత్తి, చోటు తీసుకోవడంతో చక్రం నడుమ ఉండే హబ్బుకు అటువైపు అంచు లోపలికి జరిగి ఉంటుంది. రిమ్ము నడిమధ్యలో నిలబడాలంటే కుడి పుల్లల్ని గట్టిగా బిగించాలి, ఎడమవి కొంత వదులుగానే ఉండిపోతాయి. బిగువు చాలని పుల్ల చక్రం తిరిగిన ప్రతిసారీ కాస్త సడలి మళ్లీ బిగుస్తూ ఉంటుంది. ఎన్నో వేలసార్లు అలా అయ్యాక హబ్బు దగ్గరి వంపులో పుటుక్కుమంటుంది. ఆ రోజుకు రాయి ఒక సాకు.

కంపెనీ చక్రం మళ్లీ కొననని, తన కొలతలకు చేత్తో కట్టించుకుంటానని బామ్మర్ది శపథం పట్టాడు. ఇక కట్టేవాడి వేట మొదలైంది.

మొదట వరంగల్ స్టేషన్ వైపు, ఒకప్పుడు సైకిల్ టాక్సీ నడిపిన ఒక చాచా దగ్గరికి పోయాం. ఆయన దగ్గర గంటకింతని అద్దె కట్టి సైకిల్ నేర్చుకున్నవాళ్లు ఇప్పుడు తాతలయ్యారు. పాతకాలం నల్ల సైకిళ్లకు ముందు చక్రానికి 32, వెనక చక్రానికి 40 పుల్లలు. అలాంటివి కళ్లు మూసుకుని అల్లేస్తాడని పేరు. చాచా మా చక్రాన్ని తిప్పి చూశాడు. ఒక్కో పుల్లను గోటితో మీటి విన్నాడు. తన చాబీ తీసి, రిమ్ము దగ్గర పుల్లను బిగించే నిప్పల్‌కు పెడితే వదులుగా తిరిగింది. దాని సైజు వేరు.

"రిక్షాది తీస్కరా సాబ్, పొద్దుగూకేసరికి కట్టిస్త. గిది నేను ముట్ట. పాడైతే నీకు నష్టం, నాకు బద్నాం."

వెనక్కి వస్తుంటే బామ్మర్ది "ఆయనకు రాదు బావా" అన్నాడు. నాకైతే ఆయన మీద గౌరవం పెరిగింది. రానిదాన్ని రాదనే మనిషి కనపడక ఎన్నాళ్లయింది!

రెండోది హైదరాబాద్‌లో ఒక పెద్ద షాపు. వాళ్లకు అన్నీ వచ్చు. ఏది అడిగినా "అయిపోతది సార్". ఎన్ని పుల్లలు వేస్తారు? మీ ఇష్టం సార్. మా రోడ్లకు ఆగుతుందా? ఆగుతది సార్. పుల్లల బిగువు కొలిచే మీటరు ఉందా? మా పిల్లగాడి చెయ్యే మీటరు సార్. ఎప్పుడిస్తారు? రేపు సార్. బామ్మర్దికి ఈ షాపు తెగ నచ్చింది. ఒక్క ప్రశ్న కూడా అడగలేదని నచ్చింది. ఒక్క ప్రశ్న కూడా అడగలేదనే నేను వద్దన్నాను. నా లెక్కలో బట్టల కొలత తీసుకోకుండానే రేపు వచ్చి ప్యాంటు తీస్కపో అనే టైలరు లాంటివాడు వాడు.

మూడో ఆయన ఫోన్లో గ్రాములు తప్ప ఇంకో మాట మాట్లాడలేదు. ఇత్తడి నిప్పల్స్ బదులు అల్యూమినియంవి వేస్తే జత చక్రాలకు 40 గ్రాముల పైచిలుకు తగ్గుతుందన్నాడు. మాట నిజమే. అవి తొందరగా చిలుముపట్టి తినుకుపోతాయని, చాబీ పెడితే మూలలు అరిగిపోతాయని మాత్రం చెప్పలేదు. ఆ సాయంత్రం బామ్మర్ది మా ఇంట్లో బజ్జీలు తింటూ 40 గ్రాముల గొప్పతనం గురించి నాకు చాలాసేపు చెప్పాడు. చేతిలో ఉన్న బజ్జీ ఒక్కటే అంతకన్నా ఎక్కువ తూగుతుంది.

చివరికి ఎవరో చెబితే బెంగళూరులో ఉన్న ఒకాయనకు ఫోన్ చేశాడు. కన్నడం కలిసిన తెలుగు, నిదానం మనిషి. బామ్మర్ది ఫోన్ స్పీకర్లో పెట్టి మా సోఫాలో కూర్చున్నాడు. ధర ఎంతని వీడు అడిగితే ఆయన వినిపించుకోకుండా తనే అడగడం మొదలుపెట్టాడు. రిమ్ము బ్రేకా, డిస్కా? టైరు ఎన్ని మిల్లీమీటర్లు? వెనక ఎన్ని గేర్లు? ఏ రోడ్ల మీద తొక్కుతారు? బ్యాగు కడతారా? ఎత్తు ఎక్కేటప్పుడు కూర్చుని తొక్కుతారా, లేచి నిలబడి తొక్కుతారా? బామ్మర్ది అన్నిటికీ టకటకా చెప్పాడు. ఎనిమిది గేర్ల క్యాసెట్ అని కూడా సరిగ్గానే చెప్పాడు. గేర్లకు తరుగు తీసే వీలులేదు కదా.

"మీ బరువు?"

ఫ్యాను చప్పుడు వినపడింది.

"సెవెంటీ ఎయిట్."

"ఎవనిదిరా డెబ్భై ఎనిమిది?" వంటింట్లోంచి మా ఆవిడ కేకేసింది. "నీ పెళ్లప్పటిదా?"

"ఎవరండీ ఆమె?" అన్నాడు బెంగళూరాయన.

"మా అక్క."

"ఫోన్ ఆమెకు ఇవ్వండి."

మా ఆవిడ పిండి చేతుల్తోనే వచ్చి, నూటికి ఓ అయిదు తక్కువ ఉంటాడని చెప్పింది. బామ్మర్ది ఎనభై అయిదుకు బేరమాడాడు. అవతల ఆయన బేరానికి రాలేదు. డెబ్భై ఎనిమిదికైతే ఒక రకం చక్రమని, తొంభై అయిదుకైతే వెనక 32 పుల్లలు వేయాల్సిందేనని, రిమ్ము కూడా మారుతుందని చెప్పాడు. "కాంటా ఎక్కి ఫోటో పంపండి సార్. అప్పటిదాకా డబ్బులు వేయొద్దు."

డబ్బులు వేయొద్దన్న వ్యాపారిని నేను అప్పుడే వినడం. ఈయనకే ఇవ్వరా అన్నాను.

బామ్మర్ది ఇంట్లో బరువు చూసుకునే మిషను ఉంది, బ్యాటరీలే ఉండవు. వాడి భార్య వేసిన మర్నాడే అవి టీవీ రిమోట్‌లోకి పోతాయి. అందుకని నాతోపాటు మార్కెట్‌కే రమ్మన్నాను.

మిర్చి జోరుగా వస్తున్న రోజులవి. షెడ్డు పొడుగునా ఎర్రటి రాశులు, బస్తాలు, వాటి మధ్య దారి చేసుకుంటూ హమాలీలు. కాంటా ఏ చపాటా రాశి పక్కనో ఉంటే ఇబ్బంది ఉండేది కాదు. 2025లో జీఐ గుర్తింపు వచ్చిన మా వరంగల్ చపాటాకు రంగే తప్ప ఘాటు తక్కువ. ఆ పొద్దున కాంటా తేజ రాశి పక్కన ఉంది. తేజ సంగతి తెలిసిన మేమే ముక్కుకు తువ్వాల కట్టుకుంటాం. బామ్మర్ది ఇస్త్రీ చొక్కాలో, బూట్లు విప్పి, సెల్‌ఫోను, పర్సు, చివరికి బెల్టు కూడా నా చేతికిచ్చి ఎక్కాడు. ఎక్కీ ఎక్కగానే తుమ్మాడు. ఎర్ర అంకెలు 97కు ఎగిరి, 91కి దిగి, మళ్లీ తుమ్మితే 88 మీద ఒక్క క్షణం మెరిశాయి.

"ఆ 88! బావా, ఫోటో తియ్యి!"

"అది తుమ్ము బరువు సారూ, చెల్లదు" అన్నాడు హమాలీ. "కదలకుండ నిలబడు. గాలి పీల్చకు."

మా బస్తాలు కూడా అంత బుద్ధిగా నిలబడవు. కళ్లలోంచి నీళ్లు కారుతుంటే ఊపిరి బిగబట్టాడు. అంకెలు కుదురుకున్నాయి. 93.6. రెండు మిర్చి బస్తాల మీద ఇంకా మొగ్గు.

హమాలీ నాకేసి చూసి, అలవాటైన గొంతుతో అడిగాడు. "తరుగు తియ్యాల్నా?"

బామ్మర్ది ముఖం వెలిగిపోయింది. "ఎంత తీస్తరు?"

మా అడ్తి సేటు గద్దె మీదనుంచే, "బట్టల బరువు బస్తా కింద తీసెయ్యి" అన్నాడు. కాంటా కోసం తన వంతు రాక పొద్దటినుంచీ కూర్చున్న ఒక రైతు బీడీ ఆర్పి, "మాకైతే అడగకుండనే తీస్తరు సారూ. అడిగి తీసుకునేటోన్ని నిన్నే చూసిన" అన్నాడు. షెడ్డంతా నవ్వింది. సేటు మాత్రం ఆ నవ్వులో సగానికే కలిశాడు.

ఫోటో ఉన్నదున్నట్టు నేనే పంపాను. సాయంత్రానికి బెంగళూరు నుంచి లెక్క వచ్చింది. ముందూ వెనకా 32 పుల్లలు, ఒక్కో పుల్ల ఇంకో మూడింటిని దాటేలా మూడు దాట్ల అల్లిక. పుల్లలు చివర్ల 2 మిల్లీమీటర్లు, నడుమ 1.8. నిప్పల్స్ ఇత్తడివే. వెనక చక్రంలో కుడి పుల్లల బిగువు 120 కిలోల దాకా. టైర్లు వీలైతే 28 మిల్లీమీటర్లవి వేసుకోమని సలహా. మూడు వారాలు పడుతుంది. అన్నిటికన్నా కింద, చిన్నగా, ధర.

ఆ ధర వాడి భార్యకు సగానికి సగం తరుగుతో చేరింది. పార్సిలు మీద బిల్లు అతికించి ఉంటుందని దాన్ని మా ఇంటి అడ్రసుకు తెప్పించాడు.

చక్రాలు వచ్చిన రోజు మా ఇంట్లో అందరం చుట్టూ చేరాం. వేలితో తిప్పి వదిలితే ఎంతకీ ఆగలేదు. రిమ్ము పక్కన గోరు పెట్టి చూస్తే ఒకే సందు, ఎక్కడా వంకర లేదు. ఎంతో బిగువుతో కట్టిన వస్తువు అంత నెమ్మదిగా ఉండటం చూస్తే నాకే ముచ్చటేసింది. వాటితోపాటు నాలుగు స్పేర్ పుల్లలు వచ్చాయి, కుడివైపుకు పొట్టివి, ఎడమవైపుకు కాస్త పొడుగువి, విడివిడిగా చీటీలు కట్టి. అవి మా అత్తమ్మ చేతిలో పడ్డాయి. పుల్లకు వంపు ఉన్న కొస చూసి, లంగాకు బొందు ఎక్కించడానికి ఇంతకన్నా మంచిది దొరకదని ఒకటి పక్కన పెట్టుకుంది. పొడుగుదే ఏరుకుంది.

బామ్మర్ది క్యాసెట్ మార్చుకుని, టైర్లెక్కించి వడ్డేపల్లి చెరువు దాకా పోయి వచ్చాడు. ముఖం మాడిపోయింది. గేరు వేస్తే ఒకటి పోయి ఇంకొకటి పడుతోంది. క్యాసెట్ పట్టుకుని ఊపితే కటకటమంటోంది. క్యాసెట్‌ను పట్టి ఉంచే లాక్‌రింగు చూస్తే బిగువుగానే ఉంది. ఫోన్ చేశాడు.

"స్పేసర్ వేశారా సార్?" అన్నాడు ఆయన.

కొత్త హబ్బు పదకొండు గేర్లకు చేసింది. ఎనిమిది గేర్ల క్యాసెట్ వేయాలంటే వెనకాల 1.85 మిల్లీమీటర్ల సన్నటి రింగు పెట్టాలి. లేకపోతే లాక్‌రింగు ఎంత బిగించినా క్యాసెట్ ఆడుతూనే ఉంటుంది. ఆ రింగు చిన్న కవర్లో వేసి పంపానని, ఫోటో కూడా ఉందని చెప్పాడు. కవరు దొరికింది, ఖాళీగా.

ఇల్లంతా వెతికాం. సోఫా కింద, చెత్తబుట్టలో, అత్తమ్మ బొందుల డబ్బాలో. చివరికి మా చిన్నది తన బొమ్మను చంకనేసుకుని వచ్చింది. బొమ్మ చేతికి మోచెయ్యి పైన వంకీలా, మెరుస్తూ, స్పేసర్.

"అది నాది బిడ్డా, ఇయ్యవా?" అన్నాడు బామ్మర్ది.

"ఇయ్య. దీనికి ఇంకో చేతికి కూడా కావాలె."

చాక్లెట్ చూపించాడు, ఇవ్వలేదు. ఐస్‌క్రీమంటే కొంచెం మెత్తబడింది కానీ, గాజు జత కాకుండా ఒక్కటే ఎట్లా తీస్తారని వాళ్ల నాయనమ్మ అండగా నిలబడింది. దాని లెక్క దానికి సరిగ్గానే ఉంది. మామకు ఒకటి, బొమ్మకు రెండు. బామ్మర్ది మళ్లీ బెంగళూరుకు ఫోన్ కలిపాడు.

"ఇంకో రెండు స్పేసర్లు పంపిస్తారా?"

"ఒకటి చాలు సార్. ఎక్కువ వేస్తే లాక్‌రింగు మరకు అందదు."

"బండికి కాదండీ..." వీడు గొంతు తగ్గించాడు. "బొమ్మకు."

అవతల కాసేపు మాట లేదు. కాగితం తిప్పిన చప్పుడు, పెన్ను మూత తీసిన చప్పుడు వినపడ్డాయి.

"బొమ్మ చెయ్యి ఎంత లావుంటుంది సార్? కొలిచే చెప్పండి. లేదంటే ఫోన్ మీ అక్కకు ఇవ్వండి."