పోయిన పుస్తకాలు: సున్నా

ఒడిశాలోని పర్లాకిమిడి దగ్గర మా ఊరి తెలుగు బడి గ్రంథాలయం మీద కొందరు అకారణంగా నోరు పారేసుకుంటున్నారు. పిల్లలకి పుస్తకాలు ఇవ్వట్లేదట! ఆ గ్రంథాలయం చేస్తున్న సేవ తెలియక అంటున్న మాటలివి.

గ్రంథాలయం అంటే హెడ్మాస్టారి కుర్చీ వెనక ఉన్న ఇనుప బీరువా. దాని తాళంచెవి హెడ్మాస్టారి జేబులో ఉంటుంది, హెడ్మాస్టారు ఓటర్ల జాబితా పనిలో ఉంటారు. 2009 విద్యాహక్కు చట్టం ప్రతి బడిలోనూ పత్రికలు, కథల పుస్తకాలతో గ్రంథాలయం ఉండాలంది. ఉండాలంది కాబట్టి ఉంది. పత్రికల మాట ఇప్పుడెందుకు లెండి.

సమగ్ర శిక్ష అనే కేంద్ర పథకం కింద ప్రాథమిక పాఠశాలకి ఏటా 5,000 రూపాయల దాకా లైబ్రరీ గ్రాంటు ఉంది. మా బడికి వచ్చిన పుస్తకాల కట్టలో ఎక్కువ భాగం ఒడియా. ఒడియా అక్షరాలు ఇంకా పట్టుబడని చిన్న తరగతుల గుంటలకి ఇవేమిటని అడిగేవాళ్ళకి దూరదృష్టి లేదు. చదవడం రాని పుస్తకాన్ని ఎవడు ఇంటికి పట్టుకుపోతాడు? తాళం కన్నా ఇదే గట్టి కాపలా. ఈ పర్లాకిమిడిలోనే గిడుగు రామమూర్తి గారు 1880లో బడిపంతులుగా చేరారు. తరవాత సవర పిల్లలకి వాళ్ళ భాషలోనే చదువు చెప్పాలని సొంత డబ్బుతో బడులు నడిపారు. ఆయనకి స్టాక్ రిజిస్టర్ టెన్షన్ ఉండి ఉండదు.

అసలు సంగతంతా ఆ రిజిస్టర్లోనే ఉంది. పిల్లాడు చదవకపోతే మాస్టారిని అడిగే నాథుడు లేడు. ఒక్క పుస్తకం తగ్గితే మాత్రం ఆడిట్‌లో నిలదీస్తారు. మధ్యాహ్న భోజనానికి తలకి 100 గ్రాముల బియ్యం లెక్క రాస్తారు, అది పిల్లల కడుపులోకి వెళ్తేనే లెక్క సరిపోయినట్టు. పుస్తకం లెక్క సరిపోవాలంటే అది బీరువాలోంచి కదలకూడదు. ఇలాంటప్పుడు బుద్ధున్న ఏ మాస్టారు పుస్తకం బయటికి తీస్తారు?

కేంద్ర ప్రభుత్వ ఆర్థిక నియమావళి (2017) మాత్రం ఈ విషయంలో కాస్త మెతక. ఏడాదిలో చదువుకోడానికి ఇచ్చిన ప్రతి 1,000 పుస్తకాలకి 5 పోయినా, అందులో మోసమో నిర్లక్ష్యమో లేకపోతే, అది సహజమేనని ఒప్పుకుంది. ఆ ముక్క మా హెడ్మాస్టారికి చూపించాను. ఆయన కళ్ళజోడు సర్దుకున్నారు.

"మనం ఇచ్చినవి ఎన్ని?"

"సున్నా మాస్టారూ."

"మరి సున్నాకి ఎన్ని పోవచ్చు బాబూ?"

లెక్కల్లో ఆయనకి తిరుగులేదు.

అలాగని ఆయన కఠినుడేమీ కాదు. క్లస్టర్ కోఆర్డినేటరు గారు తనిఖీకి వచ్చే రోజున వరండాలో తాడు కట్టి పుస్తకాలన్నీ వేలాడదీయిస్తారు. పిల్లలకి తలో పుస్తకం చేతికిచ్చి, తలకిందులుగా పట్టుకోవద్దని ముందే హెచ్చరిస్తారు. ఫోటో తీయడం కాగానే పుస్తకాలు మళ్ళీ లోపలికి. ఈమధ్య అలాంటి రోజున, తెలుగు పుస్తకం చేతికొచ్చిన మూడో తరగతి గుంటడొకడు క్రమశిక్షణ తప్పాడు. పట్టుకోమన్న పుస్తకాన్ని చదవడం మొదలెట్టాడు. నక్క నూతిలో పడిందాకా వచ్చాడు, ఈలోగా ఫోటో అయిపోయింది.

"మాస్టారూ, నక్క పైకొచ్చేసిందా?"

"మళ్ళీ తనిఖీకి చూద్దువుగానిరా."

వాడు అంతవరకూ ఆగే రకం కాదు. మిగతా కథ తనే కట్టి, బోరింగు దగ్గర నీళ్ళకొచ్చిన వాళ్ళకి చెప్పడం మొదలెట్టాడు. ఒకరోజు నక్క నూతిలోంచి సొరంగం తవ్వుకుని మహేంద్రతనయ ఏట్లో తేలింది. మర్నాడు అదే నక్క నూతిలోనే ఉండిపోయి కప్పలకి బడి పెట్టింది. ఊళ్ళో గిరాకీ పెరిగి, సంగతి హెడ్మాస్టారి చెవిన పడింది. కోప్పడతారేమో అనుకున్నాం గానీ ఆయన చాలా సంతోషించారు. ఆ నెల రిపోర్టులో 'గ్రంథాలయ వినియోగం' అన్న గడిలో, పిల్లలు కథలు చదివి సొంతంగా కొత్త కథలు అల్లుతున్నారని రాసి, తాడు కట్టిన నాటి ఫోటో జతచేసి పంపించారు.