నల్లగొండలో నాలుగు చక్రాల వైరాగ్యం

రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఫోర్డు కంపెనీవారు తాము చేసిన జీపుల బోల్టుల తలల మీద ‘ఎఫ్’ అని అక్షరం కొట్టేవారు. విల్లీస్ జీపూ ఫోర్డు జీపూ ఒకే నమూనా. రెండు కంపెనీలూ కలిసి ఆరు లక్షలకు పైగా తయారు చేశాయి. రేపు ఏదైనా విరిగితే అది మాది కాదు పొమ్మనడానికి పనికొస్తుందని ఆ అక్షరం వేశారట. ఎనభై ఏళ్ల తరువాత ఆ అక్షరం కోసం నేను ప్రతి ఆదివారం పాత ఇనుము కొట్లో, తుప్పు పట్టిన డబ్బాల్లో మోచేతి దాకా చెయ్యి పెట్టి వెదుకుతుంటాను. ఇప్పటికి ధనుర్వాతం సూది మూడుసార్లు వేయించుకున్నాను. బోల్టు ఒక్కటే దొరికింది. దాన్ని బండికి బిగించారా అని అమాయకులు అడుగుతుంటారు. అలాంటిదాన్ని బిగిస్తారా? దేవుడి గూట్లో పెట్టాను. దానికి కుంకుమ మాత్రం పెట్టనని మా ఆవిడ ఖండితంగా చెప్పింది.

మేము, అంటే పాత జీపుల పిచ్చివాళ్లం, చరిత్రను కాపాడుతున్నామన్న సంగతి లోకానికి ఇంకా తెలియదు. అప్పు చేసి కాపాడుతున్నామన్నది బ్యాంకుకు మాత్రమే తెలుసు.

మాలో మూడు అంతస్తులవాళ్లున్నారు. బండి లేకుండా సామాను మాత్రమే పోగేసేవాళ్లు మొదటివాళ్లు. యుద్ధకాలపు జెర్రీ క్యాను (పెట్రోలు మోసే ఇనుప డబ్బా), విల్లీస్ మాన్యువల్, మా జిల్లా పాత ఏపీ 24 నంబరు పలక, తగరపు బొమ్మ జీపు వీళ్ల ఆస్తి. వీళ్లు జ్ఞానులు. వీళ్ల భార్యలు కూడా వీళ్లతో మాట్లాడుతుంటారు. బండి ఉండి కూడా నడవనివాళ్లు రెండోవాళ్లు. అసలైన భక్తులు వీళ్లే, నేను ఆ కోవలోవాణ్ని. ఇక మూడోవాళ్ల బండి తాళం తిప్పగానే నడుస్తుంది. అలాంటివాడికి మాలో గౌరవం తక్కువ. సాయంత్రం నలుగురం చేరితే చెప్పుకోవడానికి వాడి దగ్గర ఒక్క కష్టమైనా ఉండదు. మహబూబ్‌నగర్‌లో ఒకాయన దగ్గర జోంగా ఉంది. జబల్‌పూర్ సైనిక వాహన కర్మాగారంలో నిస్సాన్ నమూనా మీద సైన్యానికి చేసిన బండి అది. ఆరు సిలిండర్ల పెట్రోలు ఇంజను, దాదాపు నాలుగు లీటర్లది. అది నడుస్తుంది. నడిచినప్పుడల్లా ఆయన ఆ నెల పాలవాడికి ముఖం చాటేస్తాడు. నడిచే బండే అయినా ఆ కష్టం చూసి ఆయన్ను మాలో ఉండనిచ్చాం.

నా జీపును ‘మిలిటరీ డిస్పోజల్, అంతా ఒరిజినల్’ అని చెప్పి అమ్మారు. మా మెకానిక్ భాయ్ బానెట్ ఎత్తి చూసి, ఇంజను ట్రాక్టరుదా, పంపుసెట్టుదా అన్న విషయంలో రెండు రోజులు వ్యవధి అడిగాడు. బాడీ రేకు పంజాబులో కొట్టింది, సీట్లు నకిరేకల్‌లో కుట్టినవి. “సార్, ఇందులో అసలుది ఛాసిస్ మీద నంబరు ఒక్కటే. అది కూడా రెండోసారి కొట్టినట్టు కనపడుతోంది” అన్నాడు. నేను చలించలేదు. ఆత్మ నిత్యమని, దేహాలే మారతాయని గీతలో చెప్పింది జీపుల గురించి కాకపోతే మరి దేని గురించి?

2021లో కేంద్ర ప్రభుత్వం మమ్మల్ని దృష్టిలో పెట్టుకుని నిబంధనలు తెచ్చింది. యాభై ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న బండికి ‘వింటేజ్’ గుర్తింపు ఇస్తారు. రుసుము 20,000 రూపాయలు, గడువు పదేళ్లు. అయితే రోజువారీ పనులకు వాడకూడదు. ప్రదర్శనకు, ర్యాలీకి, పరిశోధనకు, ఇంధనం పోయించుకోవడానికి, మరమ్మతుకు మాత్రమే రోడ్డెక్కాలి. మా జీవితాన్ని ఇంత దగ్గరగా చూసి రాసిన ప్రభుత్వ ఉత్తర్వు మరొకటి లేదు. బంకుకూ షెడ్డుకూ మధ్య తిరగడమే కదా మేము చేస్తున్నది! చట్టం ఇప్పుడు దాన్ని సంప్రదాయంగా గుర్తించింది. ‘అసలు రూపం’ అన్న మాట దగ్గర మాత్రం భాయ్ దగ్గాడు.

ఎక్కడికైనా వెళ్లగల బండి ఇది. కానీ వెళ్లడానికి చోటు కావాలి కదా. నార్కట్‌పల్లి నుంచి అద్దంకి వైపు నాలుగు వరుసల రోడ్డు వేసి మా నాలుగు చక్రాల శక్తిని అవమానించారు. నల్లమలకు పోదామంటే అమ్రాబాద్ పులుల అడవిలోకి సొంత బండిని రానివ్వరు. టికెట్టు కొనుక్కుని అటవీశాఖవారి సఫారీ బండిలో వెనక కూర్చోవాలి. జీపున్నవాడు ఇంకొకరి జీపులో వెనక కూర్చోవడం ఎంతటి నరకమో పులులకేం తెలుసు?

అందుకే ఒక వానాకాలం ఉదయం పానగల్లు ఉదయసముద్రం చెరువు కింది పొలాల దారిలోకి దించాను. పదడుగులు పోగానే వెనక చక్రాలు రేగడిలో కూరుకుపోయాయి. లోపల ఎంత సంతోషించానో చెప్పలేను. నాలుగేళ్లుగా ఎదురుచూస్తున్న క్షణం అది. గేరు రాడ్డు పక్కన, ముందు చక్రాలకు కూడా శక్తినిచ్చే చిన్న లివరును భక్తితో ముందుకు నెట్టాను. అది వెన్నలో కత్తిలా దిగింది. వెనక చక్రాలు ఇంకో జానెడు దిగాయి, ముందు చక్రాలు మాత్రం ధ్యానంలో ఉన్నట్టు కదలకుండా ఉన్నాయి. వరినాట్లకు వచ్చిన ఒక పెద్దాయన వంగి కింద చూసి, “బాబూ, ముందు చక్రాలకు పోయే జాయింటు షాఫ్టు ఏది?” అన్నాడు. లేదు. మైలేజీ కోసం ఏ యజమానో ఎప్పుడో విప్పి పక్కన పెట్టాడు. నాలుగేళ్లుగా నేను పూజిస్తున్నది రెండు చక్రాల బండిని. ట్రాక్టరుతో లాగించినందుకు ఐదు వందలు ఇచ్చాను. అది కూడా చరిత్ర పరిరక్షణ పద్దు కిందే రాశాను.

ఇక నా సేకరణలో మకుటం లాంటి వస్తువు గురించి చెప్పాలి. హైదరాబాద్ జుమేరాత్ బజార్‌లో ఒక గురువారం, పగిలిన గడియారాల కుప్ప కింద దొరికింది. పాతకాలపు ప్రభుత్వ జీపు లాగ్ బుక్కు. చెదలు అంచులు మాత్రమే తిన్నాయి. తారీఖు, బయలుదేరిన చోటు, చేరిన చోటు, మైళ్లు, పెట్రోలు, వెళ్లిన పని అన్నీ ఊదా సిరాతో గుండ్రటి అక్షరాల్లో రాసి ఉన్నాయి. ఒక పేజీలో దేవరకొండ దగ్గరి మా ఊరి పేరు కనిపించేసరికి నా ఒళ్లు పులకరించింది. నేను ప్రాణం పెట్టే జీపు మా ఊరికి ముందే వచ్చి వెళ్లిందన్నమాట! ఆదివారం ఊరికి పోయి, వసారాలో అందరినీ కూర్చోబెట్టి గొంతు సవరించుకుని చదివాను. చేరిన చోటు మా ఊరు, వెళ్లిన పని తక్కావి, అంటే రైతులకు సర్కారు ఇచ్చిన అప్పు, బకాయిల వసూలు.

అరుగు మీద చిక్కుడుకాయలు ఒలుస్తున్న నాయనమ్మ చెయ్యి ఆగింది.

“ఆకుపచ్చ జీపేనా?” అంది.

“రంగు రాయలేదు నాయనమ్మా.”

“ఆ చప్పుడు వినపడితే మీ తాత జొన్నచేలో పడుకునేవాడు. ఆ రోజు మనిషి దొరకలేదని ఇంటి తలుపులు రెండూ ఊడబెరికి అందులోనే వేసుకుపోయారు. చలికాలం. గోనెపట్టా కట్టుకుని పడుకున్నాం.” ఒలిచిన గింజలు చేటలో వేసి, మళ్లీ నా వైపు చూసింది. “అన్నీ రాసి ఉన్నాయంటున్నావు కదా నాయనా, తలుపులు తిరిగి ఇచ్చినట్టు ఎక్కడైనా ఉందేమో చూడు.”

పేజీ తిప్పి చూశాను. మరునాడు పెట్రోలు పోయించుకున్నట్టు ఉంది.