ఆకుకున్నపాటి గేటు

బెంగళూరు మారతహళ్ళిలో మా అపార్ట్‌మెంట్ గేటు కట్టుదిట్టానికి పెట్టింది పేరు. మొన్న ఒంగోలు నుంచి ఆవకాయ జాడీతో తెల్లవారుజామున దిగిన మా బాబాయిని అక్కడ 45 నిమిషాలు నిలబెట్టారు. ఓటీపీ నా ఫోనుకొచ్చింది. ఫోను సైలెంట్‌లో ఉంది, నేనూ అంతే. ఈలోపు బాబాయికి ఫొటో తీశారు. జాడీకి విడిగా ఇంకోటి తీశారు. వచ్చిన పని అన్నచోట యాప్‌లో డెలివరీ, క్యాబ్, రిపేరు అని మూడే ఉన్నాయట. బంధువన్న గడి లేదు. చివరికి ఆయన్ని రిపేరు కింద రాసుకుని వదిలారు. "ఏం పాడైందిరా?" అంటూ లోపలికొచ్చాడు.

బాబాయి బాటనీ లెక్చరర్‌గా రిటైరైన మనిషి. కాఫీ తాగుతూ బాల్కనీలో తులసాకు చూపించాడు. అందులో ఎండతో ఆహారం వండే క్లోరోప్లాస్ట్ అనే చిన్న గదికి దాదాపు 3000 రకాల ప్రొటీన్లు కావాలట. సొంతంగా చేసుకునేవి వంద లోపే. మిగతావన్నీ బయట సైటోసాల్‌లో, అంటే కణంలోని ద్రవంలో తయారవుతాయి. వాటిలో చాలావరకు రెండు పొరలు దాటి రావాలి. అలా వచ్చేవాటిలో దాదాపు ప్రతిదాని మొదట్లో ట్రాన్సిట్ పెప్టైడ్ అనే చీటీ ఉంటుంది. బయటి పొరలో గేటు పేరు టాక్, లోపలి పొరలో టిక్. ఈ పేర్లు నేను పెట్టలేదు. టాక్‌లోని ప్రొటీన్లలో టాక్ 159, టాక్ 34 చీటీ చూస్తాయి, టాక్ 75 దారిస్తుంది. దారి ఇరుకు కాబట్టి ప్రొటీన్ మడతలు విప్పుకుని దూరాలి. ఖర్చు, కణానికి శక్తినిచ్చే జీటీపీ, ఏటీపీ. ఓటీపీ లేదు.

ప్రొటీన్ ఎక్కడికెళ్లాలో చెప్పే గుర్తు దానిలోనే ఉంటుందని తేల్చినందుకు గుంటర్ బ్లోబెల్ అనే శాస్త్రవేత్తకు 1999లో నోబెల్ ఇచ్చారు. మా అసోసియేషన్ సెక్రటరీ గారు కూడా ఎదురుచూస్తున్నారు.

తర్వాత బాబాయి చెప్పిన ముక్క నన్ను ఇప్పటికీ వదల్లేదు. ప్రొటీన్ స్ట్రోమాలోకి, అంటే రెండు పొరల లోపలి ద్రవంలోకి రాగానే ఒక ఎంజైమ్ ఆ చీటీని కోసేస్తుందట. ఇంకా లోపల ఉండే థైలకాయిడ్ అనే సంచుల్లోకి పోవాల్సిన వాటికి ఇంకో చీటీ ఉంటుంది, అక్కడ దాన్నీ కోసేస్తారు. లోపలికొచ్చాక ఇక అది ఇంటి మనిషే.

మా ఇంట్లో పనిచేసే ఆవిడ ఈ గేటు దాటబట్టి తొమ్మిదేళ్లు. ఇవాళ్టికీ మెడలో కార్డు తీయకూడదు. సామాన్ల లిఫ్టే ఎక్కాలి. సాయంత్రం పోయేటప్పుడు సంచి బోర్లించి చూపించాలి, అన్నం డబ్బాతో సహా. ఏం పట్టుకుపోతుందయ్యా, మీ పాచిపోయిన ఇడ్లీలా? నా లాప్‌టాప్ బ్యాగు ఒక్కసారి విప్పించారా? సిగ్గుండాలి! ఈ రూల్స్ పెట్టిన అసోసియేషన్ తీర్మానం మీద సంతకాల్లో నాదీ ఉంది.

బాబాయి ఒంగోలు వెళ్లి వారమైంది. యాప్ మాత్రం రోజూ పొద్దున్నే అడుగుతోంది, రిపేరు పూర్తయిందా అని.