టైట్రేషన్‌కు సెలవు చీటీ

దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో మన హైదరాబాదులోనే పుట్టిందన్న గర్వం నాకు దండిగా ఉంది. చదువుకోసం మనిషి పోలేకపోతే చదువే మనిషి దగ్గరికి రావాలన్న ఆ ఆశయాన్ని నేనేనాడూ శంకించలేదు. బి.ఎ.లో చేరిన మా బావమరిది దగ్గరికి చదువు నిజంగానే వచ్చింది. పార్సిల్‌లో వచ్చి, గూట్లో మూడేళ్లు కూర్చుని, పరీక్షల ముందు వారం రోజులు కిందికి దిగి, చివరికి పట్టాగా మారింది. సైన్సు మాత్రం గడప దాకా వచ్చి ఆగి, ప్రాక్టికల్స్‌కు నువ్వే రావాలని కబురు పెడుతుంది. పగలంతా కొలువు చేసుకునే మనిషి ఈ చిన్న షరతు వల్ల పొందే లాభాలు ఇంతవరకూ ఎవరి దృష్టికీ రాలేదు గనుక, ఆ లోటును నేనే పూడ్చదలచాను. నేను దూరవిద్యలో బి.ఎస్సీ.లో చేరాను; ఏ విశ్వవిద్యాలయమన్నది ఇక్కడ అప్రస్తుతం.

నేను వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో రైతుల సరుకును కమీషన్ మీద అమ్మిపెట్టే ఒక అడ్తి దుకాణంలో గుమస్తాను. పొద్దున్నే ఆ రోజు ధర తేల్చే జెండా పాటతో మొదలై, కాంటాలు, తూకమూ ధరా రాసే తక్‌పట్టీలు, హమాలీల లెక్కలు తీరేసరికి రాత్రి ఎనిమిదవుతుంది. దూరవిద్య లెక్క ప్రకారం ఒక క్రెడిట్ అంటే 30 గంటల చదువు; నాలుగు క్రెడిట్ల పేపరుకు 120 గంటలు. రోజుకొక గంట చొప్పున చదివితే నాలుగు నెలల్లో పూర్తవుతుందని నేను తక్‌పట్టీ వెనుకనే లెక్క వేసుకున్నాను. లెక్కలో తప్పు లేదు. బెంజీన్ వలయానికి ఆరు మూలలుంటాయి, నాకు నాలుగో మూల దగ్గర నిద్ర పడుతుంది. మర్నాడు మళ్లీ మొదటి మూల నుంచి ఎత్తుకోవాలి. ఆ విధంగా బెంజీన్‌లో మూడింట రెండు వంతుల మీద నాకు కలిగిన పట్టు రెగ్యులర్ కాలేజీ విద్యార్థులకు కలలోనైనా దొరకదు.

ఇక ప్రాక్టికల్స్. ఏడాదంతా చెయ్యవలసిన ప్రయోగాలను కొన్ని రోజుల్లోకి కుదించి, ఆ రోజులను సరిగ్గా మార్చిలో పెట్టడం వెనుక తప్పక ఏదో ఒక విద్యా సిద్ధాంతం ఉండి ఉంటుంది. మార్చిలోనే మా యార్డు మిర్చి బస్తాలతో కాలు పెట్టే సందు లేకుండా ఉంటుందన్నది ఆ సిద్ధాంతానికి చెందని విషయం. సెలవు చీటీ పట్టుకుని నిలబడితే మా సేటు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇంటికాడనే చదువుకునే సదువన్నవు గద బిడ్డా, ఆ యాసిడేదో ఇంటికే పంపియ్యమను" అన్నాడు. నవ్వకండి. బ్రిటన్‌లోని ఓపెన్ యూనివర్సిటీ 1971లో పాఠాలు మొదలుపెట్టినప్పుడు సైన్సు విద్యార్థుల ఇళ్లకు ప్రయోగ సామగ్రిని, అందులో ఒక బుల్లి మైక్రోస్కోపును కూడా పోస్టులో పంపింది. ఈ సంగతి తెలియకుండానే మా సేటు అక్కడికి చేరుకున్నాడు. అడ్తి వ్యాపారంలో పడి ఆయన వైస్ ఛాన్సలర్ కాకపోవడం మన దురదృష్టం.

చివరికి జీతం కోతతో సెలవు దొరికింది. ల్యాబులో నా ఎడమవైపు బల్ల దగ్గర గోదావరిఖనిలో రాత్రి షిఫ్టు దిగి, రైలెక్కి నేరుగా వచ్చిన సింగరేణి కార్మికుడొకరు నిలబడ్డారు. ఆయన పిప్పెట్టు పట్టుకుని నిలుచునే ఓ కునుకు తీస్తున్నారు. నాకు టైట్రేషన్‌కు, అంటే క్షారాన్ని చుక్కచుక్కగా కలిపి ఆమ్లాన్ని కొలిచే ప్రయోగానికి, ఆక్సాలిక్ ఆమ్లం, సోడియం హైడ్రాక్సైడ్ ఇచ్చారు. ఫ్లాస్కులోని ఆమ్లంలో రంగు మారి ఎక్కడ ఆపాలో చెప్పే ఇండికేటర్, ఫినాఫ్తలీన్, రెండు చుక్కలు వేసి, బ్యూరెట్టు మర తిప్పి, ఒక్కొక్క చుక్కే వదులుతూ ఉంటే, చుక్క పడిన చోట గులాబీ రంగు పుట్టి, ఫ్లాస్కు తిప్పగానే మాయమవుతోంది. ఇంకొక్క చుక్క పడితే లేత గులాబీ నిలబడిపోతుందనగా జేబులో ఫోను వణికింది. "గుంటూరు లారీ తక్‌పట్టీ యాడ వెట్టినవ్?" గల్లాపెట్టె కింది అరలో ఉందని గుసగుసగా చెప్పి తల తిప్పేసరికి ఫ్లాస్కు చపాటా మిర్చిలా ముదిరిపోయింది. కనీసం రెండు రీడింగులైనా ఒకదానితో ఒకటి కలవాలని నియమం. నా మొదటి రీడింగుకు, రెండో రీడింగుకు మధ్య ఉన్న దూరాన్ని చూసిన తరువాతనే దూరవిద్య అన్న మాట ఎలా పుట్టిందో నాకు బోధపడింది. కునుకు నుంచి లేచిన సింగరేణి అన్న మాత్రం మూడు రీడింగులూ ఒక్క తీరుగా తీశారు. ఎలా తీశారని నేను అడగలేదు, ఎగ్జామినరూ అడగలేదు.

నన్ను నిజంగా విస్మయపరిచేది మరొకటి ఉంది. రసాయన శాస్త్రం నేర్చుకోవడానికి నేను విడిచివచ్చిన చోటు కూడా ఒక రకంగా ప్రయోగశాలే. స్కోవిల్ అనే అమెరికా ఔషధ శాస్త్రవేత్త 1912లో మిరప కారాన్ని కొలవడానికి, మిరప సారాన్ని తియ్యటి నీటిలో పలచన చేస్తూ, రుచి చూసేవారి నాలుకకు మంట తెలియనంత వరకూ పోయే పద్ధతిని కనిపెట్టాడు. మా హమాలీలు ఎండాకాలమంతా అదే పరీక్షకు నిలబడతారు, కాకపోతే వారికి ఆ తియ్యటి నీళ్లు ఎవరూ పొయ్యలేదు. పత్తిలో తేమ 8 శాతం ఉంటే పూర్తి మద్దతు ధర, 12 దాటితే మద్దతు ధరకు పత్తి కొనే ప్రభుత్వ సంస్థ సీసీఐ కొనదు. ఆ నాలుగు శాతం మధ్యలో రైతు ముఖం ఎన్ని రంగులు మారుతుందో చూసినవాడికి ఇండికేటర్ల గురించి వేరే పాఠం అక్కరలేదు. తేమ మీటరు విద్యుత్తుతో ఎలా కొలుస్తుందో నేను దాన్ని తిప్పి తిప్పి చూసి తెలుసుకున్నాను. ఈ పదేళ్ల పనికి క్రెడిట్లు సున్నా. గులాబీ రంగు ముదరబెట్టిన పూటకు మాత్రం మార్కులున్నాయి.

కనుక ఈ ఏర్పాటు తప్పని నేను అనబోవడం లేదు. పైగా దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో పొందిన గుర్తింపు ఉన్న డిగ్రీలు రెగ్యులర్ డిగ్రీలతో సమానమేనని యూజీసీ 2022లో స్పష్టం చేసింది. ఆ నోటీసును నేను ఫోనులో తీసి మా సేటుకు చూపించాను. ఆయన అద్దాలు పెట్టుకుని ఓపికగా విని, "సమానమైతె మంచిదే, జీతం గూడ సమానమే ఉంటది తియ్యి" అన్నాడు.

ఈ ఏడు ఫిజిక్స్ ప్రాక్టికల్స్ తేదీలు వచ్చాయి. మళ్లీ మార్చే. సెలవు చీటీ ఇచ్చి మూడు వారాలైంది. అది ఇప్పటికీ గల్లాపెట్టె మీద తూకం రాయి కింద ఉంది. నిన్న మధ్యాహ్నం పత్తి బండి ముందు తేమ మీటరు ఆగిపోతే, సేటు అందరూ వినేలా "సైంటిస్టూ, ఇటు రా" అని నన్ను పిలిచాడు. వెనుక మూత తీసి చూసి, బ్యాటరీ అయిపోయిందని చెప్పాను. పక్క దుకాణం నుంచి కొత్తది తెచ్చి వేయగానే అంకెలు వెలిగాయి. సేటు చాలాసేపు నా వైపు చూసి, తూకం రాయి ఎత్తి, చీటీ మీద సంతకం పెట్టాడు; పొద్దున ల్యాబు, సాయంత్రం కాంటా అన్న షరతు మీద.